ఊరి పటము – ఊరివారి మాట

పూర్వము మన పల్లెలను ఎవరును ముందుగ కాగితముమీద గీచి పిమ్మట కట్టలేదు. చెరువుకట్ట ఎచ్చట నిలుచునో చూచుకొని, దానికి దిగువ వరిపొలములును, ముంపు తగులని మెరకమీద ఇండ్లును ఏర్పడినవి. బండ్లు నడచిన జాడయే బాట యైనది. నలుగురు కూర్చుండిన చెట్టునీడయే చావడి యైనది. బాటను ఒకచోట మలుపవలసి వచ్చినను, క్రొత్త బావి త్రవ్వవలసి వచ్చినను, దానివలన లాభపడువాడును నష్టపడువాడును ఒకరి మొగ మొకరు ఎరిగినవారే. ఆ కాలమున తీర్పులన్నియు ధర్మముగ జరిగినవని చెప్పజాలము. గడిలో కూర్చున్నవాని మాటకు ఎదురు పలుకగలవారు అరుదుగ నుండిరి. ఊరి చివరి వాడలవారికి ఊరి బావిమీద హక్కే లేకుండెను. అయినను బాట ఎవని గోడప్రక్కగ పోవలెనో నిర్ణయించువాడు ఆ గోడను కన్నులార చూచినవాడై యుండెను.

నేడట్లు కాదు. పట్టణములు పెరుగుచున్నవి. చుట్టునున్న పల్లెలు వానిలో కలియుచున్నవి. జలాశయములు, బొగ్గుగనులు, రాజమార్గములు, ఆలయ విస్తరణములు, అభయారణ్యములు – వీనిలో ఏదో యొకటి మన ఉత్తర తెలంగాణములోని పెక్కు గ్రామములను తాకినది. ఇట్టి ప్రతి పనికిని ముందొక పటము తయారగును. ఆ పటమును గీయువారు చదువుకొన్నవారు, కష్టపడి పనిచేయువారు. వారు మనకు శత్రువులు కారు. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములును, సూక్ష్మమైన కొలతయంత్రములును వారికి సాయపడుచున్నవి. కాని పటముమీది గీత ఎవరి వాకిటిమీదుగ పోవుచున్నదో, ఆ సంగతి ఆ వాకిటివారికి తెలియునది గీత గీయకముందా, గీచిన వెనుకనా? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే విషయము.

జగిత్యాలలో జరిగినది మనకు దగ్గరి నిదర్శనము. 2016 అక్టోబరువరకు జగిత్యాల కరీంనగరము జిల్లాలోనిది. ఆ నెలలో కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు రెండును విభజింపబడినప్పుడు అది వేరు జిల్లా యైనది. జిల్లా కేంద్రమైన పట్టణము పెరుగక మానదు. రాబోవు సంవత్సరములలో ఇండ్లెచ్చట రావలెను, అంగళ్లెచ్చట రావలెను, బాటలెంత వెడల్పున నుండవలెను అని ముందే నిర్ణయించు పటమును మాస్టర్ ప్లాన్ అందురు. అట్టి పటమునకు ముసాయిదా యొకటి జగిత్యాలకును, అదే కాలమున కామారెడ్డికిని ప్రకటింపబడెను. అంతట పట్టణముల చుట్టునున్న పల్లెల రైతులు తమ పంటభూములమీద వేరు వేరు రంగులు పూయబడియుండుట చూచిరి. ఒకచోట పరిశ్రమల స్థలమనియు, ఒకచోట విహారస్థలమనియు, ఒకచోట వంద అడుగుల బాట యనియు కనబడెను. తమ్మడుగకయే తమ భూములకు పేర్లు మార్చిరని వారు బాటలమీద బైఠాయించిరి. పురపాలక సంఘ కార్యాలయములను, కలెక్టరు కచేరీలను చుట్టుముట్టిరి. ఉన్నత న్యాయస్థానమువరకు వ్యవహారము పోయెను. తుదకు 2023 జనవరిలో ఉభయ పట్టణముల పురపాలక సంఘములును ఆ ముసాయిదాలను రద్దుచేయుచు తీర్మానించినవి.

ఇందులో పెద్దలు గమనింపవలసిన దొకటి కలదు. పటములో రంగు మారినంత మాత్రముననే భూమి ఇతరుల దగునా? కాదు. పట్టా మీ పేరనే యుండును, దున్నుకొనుటకు అడ్డులేదు. కాని ఆ రంగునకు విరుద్ధముగ ఇల్లు కట్టుకొందునన్న అనుమతి దొరకదు. విహారస్థలమని వ్రాసిన మడిని అమ్మబోయిన కొనువాడు వెనుకకు జంకును. కూతురి పెండ్లికో, కుమారుని చదువునకో ఆ రెండెకరములమీద ఆశ పెట్టుకొన్న రైతునకు అది చేతిలోని పైకము చిల్లర పాలైనట్లే తోచును. ఇక వంద అడుగుల బాట గీత పడిన భూమి నేడు కాకున్న మరి పదేండ్లకైనను పోవుననుట నిశ్చయము. కావున రైతుల కలత నిష్కారణమైనది కాదు.

రెండవ ప్రక్కను కూడ చూతము. పటము రద్దయినను పట్టణము పెరుగుట రద్దుకాలేదు. ప్రణాళిక లేనిచోట స్థలముల వ్యాపారియే ప్రణాళిక యగును. అతడు తనకు నచ్చిన మడిని ముక్కలుచేసి అమ్మును. కాలువ పూడ్చునో, చెరువు శిఖములోనికి జరుగునో అడుగువారుండరు. 2021 జూలైలో నిర్మలు పట్టణమున కాలనీలు నీట మునిగినవి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు ఏరులవలె పారినవి. వానలు మిక్కుటముగ కురిసిన మాట నిజమే. కాని చెరువులనుండి వెడలు నీటికి పూర్వముండిన దారులు ఇరుకైపోయినచోట నీరు ఇండ్లలోనికి గాక ఎచ్చటికి పోవును? కాబట్టి ప్రణాళిక వలదనుట మన పక్షము కారాదు. ప్రణాళికలో మన మాట ఉండవలెననుటయే మన పక్షము.

మన మాటకు అంత విలువ యేమని కొందరడుగవచ్చును. విలువ కలదు, అది కేవలము హక్కుకు సంబంధించినది కాదు, తెలివికి సంబంధించినది. కొలతకు వచ్చిన ఉద్యోగి వైశాఖమాసములో వచ్చును. అప్పు డతనికి కనబడునది ఎండిన పల్లపు నేల. ఆషాఢ శ్రావణములలో మత్తడి దుమికినప్పుడు ఆ పల్లములో నీ రెంత ఎత్తున పారునో ఊరి నీరటికి తెలియును. ఏ బావి ఎండకాలములోకూడ ఊరును. ఏ చెట్టు క్రింద జాతర జరుగును. ఏ డొంకవెంట మందలు కంచెకు పోవును. ఏ దారి పొడుగైనను ఆడువారు మాపటివేళ ఆ దారినే నడుతురు. ఇవి ఛాయాచిత్రమునకు అందని సంగతులు. వీనిని కూర్చి చెప్పువారు లేకున్న, ఎంతటి నిపుణుడు గీచిన పటమైనను సగము గ్రుడ్డిదే యగును.

ఈ సత్యమును నూరేండ్లకు పూర్వమే గ్రహించిన పట్టణ నిర్మాణ శాస్త్రజ్ఞు డొకడుండెను. ఆయన స్కాట్లండు దేశీయుడు; పేరు పాట్రిక్ గెడ్డిసు. 1914లో ఆయన మన దేశమునకు వచ్చి పెక్కు పట్టణములను పరిశీలించెను. పాత పేటలను సూటిగ పడగొట్టి తిన్నని వీధులు వేయుట ఆయనకు సమ్మతము కాదు. మొదట వీధివీధిని కాలినడకన తిరుగవలెననియు, వైద్యుడు పుండున్నచోటనే కత్తిపెట్టునట్లు అవసరమైన గోడను మాత్రమే తీసివేయవలెననియు, బావులను చెట్లను గుడులను కాపాడవలెననియు ఆయన మతము. ఇందూరు సంస్థానమున ఆయన పనిచేయుచుండగా ఆ పట్టణమును ప్లేగు పీడించుచుండెను. కొత్త మనుష్యుడు కాగితములు పట్టుకొని తిరుగుచున్నాడు, ఇండ్లు కూల్చునేమో యని జనులు భయపడిరి. అంతట గెడ్డిసు మహారాజు అనుమతితో దీపావళికి గొప్ప ఊరేగింపు నేర్పాటు చేసెను. ఏ వీధులవారు తమ యిండ్లను వాకిండ్లను మిక్కిలి శుభ్రము చేసుకొందురో ఆ వీధులగుండ ఊరేగింపు నడచునని చాటించెను. చెత్తకును ప్లేగు ఎలుకకును బొమ్మలు చేయించి ఊరేగించిరి. పోటీపడి జనులు వేలకొలది బండ్ల చెత్తను తరలించిరి. ఆయన ఇందూరు నివేదిక 1918లో వెలువడెను. జనులను పనిలో కలుపుకొనుట యనగా నేమో ఆ దీపావళినాడు ఇందూరులో కనబడెను. జనులు తమ పట్టణమును తాము బాగుచేసుకొనుచున్నామని తలచిరి. ఆ తలపువలననే పని నడచెను.

ఇక జనుల నడుగకయే గీతలు గీచినప్పుడు నేమగునో మన ఆదిలాబాదు అడవులు చెప్పుచున్నవి. నిజాము ప్రభుత్వపు కాలమున అడవులను ప్రత్యేకించి సరిహద్దులు నిర్ణయించినప్పుడు గోండుల, కోలాముల పల్లెలును పోడు సేద్యములును ఆ సరిహద్దుల లోపల పడినవి. తరతరములుగ దున్నిన నేలమీదనే వారు అపరాధులైరి. జోడేఘాటు ప్రాంతమున కుమురం భీము తన జనుల భూములకై నిలబడి 1940లో కాల్పులలో మరణించెను. ఆ వెనుకనే ప్రభుత్వమునకు కారణము విచారింపవలెనని తోచెను. ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫును నియమించిరి. ఆయన గోండుపల్లెలలో నివసించి, వారి మాట నేర్చి, వారు చెప్పినది వ్రాసెను. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ఆరంభమయ్యెను. కొన్ని యేండ్లలో గిరిజన రైతులకు లక్ష యెకరములకు పైగా భూములు పట్టాలగుట జరిగెను. విచారణ మంచిదే, ఫలమును మంచిదే. కాని భీము బ్రతికియుండగా, సరిహద్దు గీయకముందు, ఒక ఉద్యోగి జోడేఘాటు గుట్టమీద కూర్చుండి వినియుండినచో ఎంత రక్తము మిగిలియుండును! వినుటలో ఆలస్యము చేసినదానికి వెల కట్టినవారు ఆ అడవిజనులే.

ఆ అడవులలోనే ఇటీవల వేరొక ప్రయత్నము జరిగినది. 2012లో కవ్వాల అడవిని పులుల అభయారణ్యముగ ప్రకటించిరి. దాని నడిమి భాగమున కడెము మండలములోని రాంపూరు, మైసంపేట యను చిన్న పల్లెలు రెండు ఉండెను. 2006లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అట్టి పల్లెలను బలిమిని తరలింపరాదు. గ్రామసభ తెలిసి ఒప్పుకొనవలెను. అక్కడివారియెదుట రెండు మార్గములుంచిరి: పదునైదు లక్షల రూపాయల పైకము తీసికొనుట యొకటి, భూమియు ఇల్లును తీసికొనుట రెండవది. కొందరు పైకము కోరిరి. ఎక్కువమంది భూమి కోరిరి. సంవత్సరములు గడచిన పిమ్మట మద్దిపడగ దగ్గర క్రొత్త ఇండ్లకు వారు చేరిరి. పుట్టిన మట్టిని విడుచుట ఎవరికిని సుఖము కాదు. కాని పోవుటయా ఉండుటయా, పోయినచో దేనిని తీసికొందుము అని గృహస్థుడు తానే చెప్పుకొనుటకు చోటుండుట చిన్న సంగతి కాదు. జోడేఘాటు నాటికిని నేటికిని ఇంత దూరము నడచితిమి.

చట్టములోకూడ ఈ నడక కనబడును. 1894 నాటి భూసేకరణ చట్టమున ప్రభుత్వము భూమి కావలెనన్న యజమాని సమ్మతితో పనిలేదు. 1923లో దానిని సవరించి ఆక్షేపణ చెప్పుకొనుటకు ముప్పది దినముల గడువిచ్చిరి. 2014 జనవరి 1నుండి అమలైన క్రొత్త చట్టము మొదట ఆ పనివలన ఊరికి కలుగు లాభనష్టములను పరిశీలింపవలెననియు, బహిరంగముగ జనుల మాట వినవలెననియు, ఆక్షేపణలకు అరువది దినము లీయవలెననియు చెప్పుచున్నది. అంతియే కాదు, పట్టా లేకున్నను మూడేండ్లుగ ఆ భూమినే నమ్ముకొని బ్రతుకుచున్న కౌలుదారును, కూలివానిని బాధితకుటుంబముగ లెక్కించుమన్నది. అయితే తెలంగాణ ప్రభుత్వము 2017లో సవరణ చేసి కొన్ని తరగతుల పనులకు ఆ పరిశీలననుండి మినహాయింపు నిచ్చుటకు వీలు కల్పించుకొన్నది. కావున మీ యూరి పనికి ఏ విధానము వర్తించునో మొదటి దినముననే అడిగి తెలిసికొనవలెను. షెడ్యూలు ప్రాంతముల గ్రామములకు 1996 నాటి పంచాయతీ విస్తరణ చట్టము వలన మరియొక రక్ష కలదు. అచ్చట భూసేకరణకు ముందే గ్రామసభనుగాని తగిన పంచాయతీనిగాని సంప్రతింపవలెను.

చట్టము తలుపు తీసిపెట్టును. లోనికి నడువవలసినవారము మనము. ఎవరెవరు నడువవలెను? ఇచ్చటనే పెద్దలు తరచుగ పొరబడుచుందురు. ఆస్తి గలవారిని పిలిచిన ఊరంతయు వచ్చినట్లే యని వారి తలపు. వేములవాడలో మూలవాగు వంతెననుండి రాజరాజేశ్వరస్వామివారి ఆలయమువరకు గల బాటను వెడల్పు చేయుటకై 2025లో ఇండ్లను దుకాణములను తొలగించిరి. జాతరదినములలో ఆ బాట యిరుకు ఎరుగనివారు లేరు. ఇట్టి ఆలయవీధి ఏ పట్టణములోనిదైనను ఒక్క గోడకు ముగ్గురు హక్కుదారు లుందురు. గోడ యజమాని యొకడు. ఆ గోడ లోపల అద్దెకు అంగడి పెట్టి కొబ్బరికాయలు, బెల్లము అమ్ముకొనువాడు రెండవవాడు. గోడ వెలుపల అరుగుమీద పూలబుట్ట పెట్టుకొనునామె మూడవది. గోడకు వెల కట్టవచ్చును. ఇరువదియేండ్లుగ ఆ అంగడికి వచ్చుచున్న బేరమునకు వెల యెవరు కట్టుదురు? పూలబుట్టకు చోటు ఏ పటములో కలదు? ఈ ముగ్గురును సభలో కూర్చుండనిచో సభ పూర్తికాలేదని పెద్దలు పట్టుపట్టవలెను.

అమరావతి ఉదాహరణము చూడుడు. 2015లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రాజధాని నగరమునకై రైతులనుండి ముప్పదివేల యెకరములకు పైగా భూమిని సమీకరించెను. పైకమిచ్చి కొనుట గాక, అభివృద్ధిచేసిన స్థలములో కొంతభాగము రైతునకు తిరిగి యిచ్చుట ఆ పద్ధతి. అందులోనే భూమిలేని కుటుంబములకు నెలకు రెండువేల ఐదువందల రూపాయలు ఇచ్చు ఏర్పాటుకూడ చేసిరి. ఎందుకన, పొలము పోయిన రైతునకు స్థలము వచ్చును. పొలములో కూలి పోయినవానికి ఏమియు రాదు. ఆ కూలివానిని లెక్కలోనికి తెచ్చుట మంచి ఆలోచన. 2019లో ప్రభుత్వము మారి రాజధాని మాటయే మారుటతో ఆ రైతులు ఏండ్లతరబడి కలతపడిరి. ప్రభుత్వములు మారినను మారని విధముగ ఒడంబడికలు వ్రాతమూలకముగ నుండవలెననుటకు ఆ కథ సాక్ష్యము.

మన జిల్లాలలో మరియొక చిక్కు కలదు. ఇంటి యజమాని ఊరిలో లేడు. దుబాయిలోనో, భీవండిలోనో, సూరతులోనో ఉన్నాడు. ఊరిలో వృద్ధమాతయు, కోడలును, పిల్లలును ఉన్నారు. నోటీసు వచ్చును, వ్రేలిముద్ర వేసి తీసికొందురు, పెట్టెలో దాచుదురు. సెలవుమీద కుమారుడు వచ్చునప్పటికి గడువు దాటిపోవును. అట్టి యిండ్ల జాబితాను ఊరి పెద్దలు ముందుగనే వ్రాసియుంచవలెను. నోటీసు వచ్చిననాడే దూరమందున్నవానికి కబురంపవలెను. టెలిఫోను ప్రతి యింటనున్న ఈ కాలమున తెలియలేదనుటకు తావుండరాదు. ఇంటనున్న స్త్రీ మాటకు సభలో విలువ నీయవలెను. ఇల్లు ఎవరి పేరనున్నను, ఆ వంటింటి పొగగొట్టము ఎటు తిరిగిన గాలి వచ్చునో ఆమెకే తెలియును.

మధ్యమానేరు జలాశయపు గ్రామములుకూడ మనకు ఒక పాఠము చెప్పుచున్నవి. కొదురుపాక, నీలోజిపల్లె, వరదవెల్లి, అనుపురము మొదలగు పల్లెలవారు ఇండ్లు విడిచిరి. పని మొదలైన నాటికిని నీరు నిలిచిన నాటికిని నడుమ పదియేండ్లకు పైగా గడచెను. మొదటి జాబితాలో బాలురుగ నున్నవారు నీరు వచ్చునప్పటికి పెండ్లియై పిల్లలు గలవారైరి. వారిని వేరు కుటుంబములుగ లెక్కింపవలెనను వేడుకోలు ఏండ్లకొలది సాగెను. జాబితా యన్నది ఒక్కనాడు వ్రాసి ముద్ర వేయునది కాదు. ఏటేట గ్రామసభయెదుట చదివి సరిదిద్దవలెను. ఈ షరతును మొదటి సభలోనే అడిగి వ్రాయించుకొనుట మేలు. తరువాత అడిగిన దానము కోరినట్లగును.

ఇప్పుడు పెద్దలు చేయవలసిన పనుల నొక క్రమములో చెప్పెదను. పటము రాకముందే ఊరి కాగితములు చక్కబెట్టుకొనుడు. పాత సేత్వారు, పహాణీ, గ్రామపటము ఇవి యెచ్చట నున్నవో తెలిసికొని నకళ్లు తీయించుడు. తండ్రి పేరనే నిలిచియున్న భూములను వారసుల పేర మార్పించుడు. అన్నదమ్ముల తగాదా తీరని భూమికి పరిహారము న్యాయస్థానములో పడియుండును, ఇండ్లవారికి అందదు.

పటము వచ్చిన పిమ్మట దానిని కార్యాలయములో చూచి తలయూచి రావలదు. తెలుగు అక్షరములతో, సర్వే నంబరులతో నున్న ప్రతిని పంచాయతీ గోడమీద అంటింపుమని అడుగుడు. ఊరిలో దండోరా వేయింపుడు. పిమ్మట ఉద్యోగిని పిలిచి, పటము చేతబట్టుకొని, ఆ గీతవెంట ఊరివారందరు కాలినడకన నడువుడు. కాగితముమీద వ్రేలెడంత గీత, నేలమీద ఎవరి బావిని మ్రింగుచున్నదో, ఎవరి సమాధిమీదుగ పోవుచున్నదో అప్పుడు తెలియును. గీయువానికిని అప్పుడే తెలియును. నడచిన దినమే వ్రాసికొన్న సంగతులు నెల దినముల తరువాత చేసిన అరుపులకంటె బలమైనవి.

ఆక్షేపణను నోటితో చెప్పి విడువక వ్రాసి యీయుడు. సర్వే నంబరు, విస్తీర్ణము, అందున్న బావి, చెట్లు, ఇల్లు స్పష్టముగ వ్రాయుడు. వలదని మాత్రమే వ్రాసిన కాగితమును ప్రక్కన పెట్టుట సులభము. ఇటు వలదు, ఇటుగ పోయిన ఇన్ని యిండ్లు మిగులును, ఇంత ఖర్చు తగ్గును అని చూపిన కాగితమునకు జవాబీయక తప్పదు. ఇచ్చినదానికి రశీదు తీసికొనుడు. గడువు దినమును పంచాంగములో గుర్తుపెట్టుకొనుడు. ఆ దినము దాటిన పిమ్మట మీ న్యాయమైన మాటకుకూడ కాళ్లు విరుగును.

ఉద్యోగులకుకూడ ఒక మాట చెప్పవలసియున్నది. నాట్లు వేయు దినములలోను, కోతల దినములలోను సభ పెట్టిన రైతు రాడు. రాలేదు కనుక ఒప్పుకొన్నాడని వ్రాయుట న్యాయము కాదు. గోండుపల్లెలో గోండీ తెలిసినవానిని వెంటబెట్టుకొనిపోవలెను. వచ్చిన ప్రతి ఆక్షేపణకును ఒప్పుకొంటిమనియో, ఈ కారణమున ఒప్పుకొనలేదనియో జవాబు వ్రాసి చావడిలో అంటింపవలెను. విన్నట్లు కనబడి వినకపోవుటకంటె అసలు పిలువకపోవుటయే నయమని జనులకు తోచును. 2017 జూనులో కరీంనగరము స్మార్ట్ సిటీ పథకమునకు ఎంపికయైనది. ఆ పథకపు నిబంధనలలోనే పౌరుల అభిప్రాయములు తీసికొనవలెనని ఉండెను. అట్టి నిబంధన నగరమునకే గాక చుట్టునున్న ప్రతి పల్లెకును అనుభవములోనికి రావలెను.

చివరకు మిక్కిలి కష్టమైన మాట యొకటి. బాట గీత తన పొలము ప్రక్కగ పోయిన ధర పెరుగును. తన యింటిమీదుగ పోయిన ఇల్లు పోవును. ఇట్టివేళ పెద్దమనిషికి తన ఆశయు తన భయమును రెండును వచ్చును. గీతను తన పొలమువైపు లాగుటకో, తన గోడనుండి బీదవాని గోడవైపు నెట్టుటకో పలుకుబడి వినియోగించినవాడు ఆ సభకు పెద్దగ కూర్చుండ దగడు. తన భూమి సంగతి వచ్చినప్పుడు పెద్ద తానే లేచి, నా భూమి ఇందులో కలదు, ఈ విషయమున మీరు నిర్ణయింపుడని చెప్పి ప్రక్కకు తప్పుకొనవలెను. ఆ యొక్క మాటతో సభకు గౌరవము వచ్చును. చివరి వాడవాడు కూడ అప్పుడు నోరు విప్పును. అట్లుగాక, ఊరివారి మాట అనునది నలుగురు పెద్దరైతుల మాట యైనచో, దూరపు కచేరీలో గీచిన గీతకును మన చావడిలో గీచిన గీతకును భేదముండదు.

గీత గీయకముందు చెప్పినది ఆలోచన యగును. గీచిన వెనుక చెప్పినది మొర యగును. మొర వినుట పాలకుని దయ. ఆలోచన చెప్పుట మన హక్కును, మన బాధ్యతయును. మీ యూరికి ఇంకను పటము రాలేదా? అయిన అదృష్టవంతులు, మీకు కాలము కలదు. వచ్చు గ్రామసభలో ఊరి పాత పటమును తెప్పించి పరచుకొని, వృద్ధులు చెప్పుచుండగా పిల్లలచేత బావులను, కాలువలను, మత్తడి దారులను దానిమీద గుర్తింపజేయుడు. రేపు కొలతకు వచ్చు ఉద్యోగి చేతిలో మొదట మీరు పెట్టవలసిన కాగితము అదియే.